కాయలెన్నైనా గంప ఒకటే

మా వరండా మూల నీలం ప్లాస్టిక్ క్రేటు ఒకటి నాలుగు రోజులుగా ఉంది. నిండా తోతాపురి కాయలు. నా దగ్గర ఇంగ్లీషు ట్యూషన్‌కు వచ్చే హారిక అనే పిల్ల వాళ్ల నాయన, దామలచెరువు కాయల మండీ నుంచి తిరుపతిలో మా ఇంటి దాకా మోటారు సైకిలు వెనకాల కట్టుకొని తెచ్చి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి దించిపోయాడు. కాయలతో పాటు ఒక మాట కూడా అడిగాడు. అది చివర చెప్తాను, ముందు ఈ వాసన సంగతి చెప్పాలి. పండిన మామిడి వాసన అందరికీ ఇష్టమే. నేను చెప్పేది పచ్చికాయ తొడిమ విరిచినప్పుడు కారే సొన వాసన, కిరసనాయిల్లో పులుపు కలిపినట్టు ఘాటుగా ఉంటుందే, అది. అది ముక్కుకు తగిలిందంటే నేను యాభై దాటిన టీచరమ్మను కాను, పాకాలలో ఎనిమిదో తరగతి రెండో బెంచీ మీద కూర్చున్న పిల్లను. మంచి పిల్లను మాత్రం కాను.

జూన్ వచ్చిందంటే ఆ రోజుల్లో పాకాల అంతా మామిడే. తిరుపతి గంగజాతరకు పోయి, మొక్కుకొని వేషాలేసుకున్నవాళ్లు నోటికొచ్చిన బూతులు తిడుతుంటే అమ్మ చెవులు మూసినా వేళ్ల సందుల్లోంచి విని నేర్చుకొని, చల్లటి అంబలి తాగి తిరిగొచ్చిన కొన్నాళ్లకు బడి తెరిచేవాళ్లు. అప్పటికే మండీల ముందు ఎద్దులబండ్లు, లారీలు బారులు తీరి ఉండేవి, ఎండుగడ్డి పరిచిన నేల మీద కాయల రాశులు, చక్రాల కింద నలిగిన కాయల మీద ముసిరే ఈగలు, పక్కనే మీటరుగేజి బండి వదిలే పొగ, అన్నీ కలిసి ఒకటే వాసనై మా రైల్వే క్వార్టర్స్ దాకా వచ్చేది. మా నాయన స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. మా అవ్వ రోటి ముందు కాళ్లు చాపుకొని కూర్చొని, రాగిసంగటిలోకి ఊరిబిండి పచ్చడి నూరుతూ, చింతపండుకు బదులు పచ్చిమామిడి చెక్క పడేసి, మధ్యమధ్య నాలుక మీద ఇంత పెట్టుకొని రుచి చూసి, ఉప్పు చాలలేదని తన్ను తానే తిట్టుకునేది. మేం పిల్లలం ముడ్డిజీడి, అంటే మామిడి టెంక, పగలగొట్టి, లోపలి పప్పు తీసి ఎవరి వైపు ఎగరేస్తే వాళ్ల పెళ్లి ఏ దిక్కునో అని ఆడుకునేవాళ్లం.

నా పక్కన కూర్చునేది కుప్పమ్మ. ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు దక్కకపోతే, మూడో బిడ్డను పుట్టగానే చెత్తకుప్ప మీద ఒక నిమిషం పడుకోబెట్టి ఎత్తుకొని ఆ పేరు పెడతారు, పనికిరానిదనుకొని దేవుడు వదిలేస్తాడని. దేవుడు వదిలేశాడు. మేం వదల్లేదు. పేరు పెట్టి పిలిచినప్పుడల్లా ముక్కు మూసుకునేవాళ్లం. వాళ్లమ్మ మండీలో గంపలు మోసేది. కుప్పమ్మ కూడా పొద్దున్నే పోయి నాలుగు గంపలు మోసి, కాళ్లు కడుక్కొని బడికొచ్చేది. గంప సందుల్లోంచి సొన కారి ఆ పిల్ల ఎడమ చెంప మీద పడి, తోలు కాలి, నల్లగా పొక్కు కట్టి ఉండేది. సీజను ముగిసేదాకా అది మానేది కాదు.

మా ఇంగ్లీషు అయ్యోరు రోజూ కాట్పాడి పాసింజర్లో దిగేవాడు. బండి ఆలస్యమైతే మాకు పండగ. తెల్లపంచె, జేబులో ముక్కుపొడి డబ్బీ, ఎప్పుడూ నవ్వు ముఖం. ఆయన తన చేత్తో ఒక్క పిల్లను కూడా కొట్టిన పాపాన పోలేదు. ప్రశ్న అడిగేవాడు, తప్పు చెప్పినవాళ్లు నిలబడేవాళ్లు, ఒప్పు చెప్పినవాళ్లు లేచిపోయి నిలబడిన ఒక్కొక్కరి ముక్కు ఎడమచేత్తో పట్టుకొని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. మెల్లగా కొడితే, "దెబ్బంటే అదా పాపా? నువ్వు సూపించుమ్మా దానికి" అని దెబ్బ తినేవాళ్ల చేతే తిరిగి కొట్టించేవాడు. అందుకని మాలో మాకు ఒక ఒప్పందం ఉండేది. అరచెయ్యి గుంటలా చేసి కొడితే చప్పుడు పెద్దగా వస్తుంది, నొప్పి అంత ఉండదు. అది మాకు నేర్పింది కుప్పమ్మే. లెక్కల్లో ఆ పిల్ల ఫస్టు. ఆ పీరియడులోనూ ఇదే పద్ధతి కాబట్టి మా చెంపలన్నీ ఆ పిల్ల చేతికొచ్చేవి, ఒక్కనాడు కూడా నాకు నొప్పి పుట్టలేదు.

ఆ ఏడు అయ్యోరు 'ఆఫ్' పాఠం మొదలుపెట్టాడు. బంచ్ ఆఫ్ కీస్, బాక్స్ ఆఫ్ మ్యాచెస్, బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్. ముందర ఒకటి, వెనక బోలెడు, ఆ తర్వాత 'ఈజ్' రావాలా, 'ఆర్' రావాలా? మన భాషలో ఈ గొడవ లేదు, కాయల గంప అంటే గంప చివరుండి తన పని తాను చూసుకుంటుంది. ఇంగ్లీషులో గంప ముందుకు పోయి, కాయలు వచ్చి క్రియ పక్కన కూర్చుంటాయి, చెవి వాటినే పట్టుకుంటుంది. నాకు ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు. కుప్పమ్మకు ఎక్కాలనే ఆత్రం నాకన్నా ఎక్కువ. ఇంగ్లీషులో రోజూ తన్నులే తింటోంది. వాళ్లమ్మ తేల్చి చెప్పేసింది, ఇంకొక్కసారి చెంప వాయించుకొని వస్తే బడి మాన్పించి మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కాయల కోతకు పెడతానని.

నోటి పరీక్ష ముందురోజు సాయంత్రం మండీ అరుగు మీద ఇద్దరం పుస్తకం తెరుచుకొని కూర్చున్నాం. ఎదురుగా వాళ్లమ్మ గంప దించుతోంది. కుప్పమ్మ కాసేపు అటే చూసి, నా తొడ మీద ఒక్కటి చరిచింది.

"సూడుమే, మాయమ్మ దించేది గంపని. లోపల వందుండనీ, రెండుండనీ, దించేది ఒకటే గదా. ఆఫ్ వచ్చినాక ఉండేదంతా గంప లోపలి సరుకు. దాన్ని సూసి మోసపోగూడదు."

అంతే. అయ్యోరు నెల రోజులు చెప్పినా ఎక్కనిది నాకు ఒక్క క్షణంలో ఎక్కింది. ఎక్కినందుకు సంతోషపడాలి కదా, నాకు ఒళ్లు మండింది. టికెట్ గుమాస్తా కూతురికి గంపలు మోసే పిల్ల ఇంగ్లీషు చెప్పడమేమిటి? ఇంటికి పోయి సంగటి ముద్ద సగం వదిలేశాను. అవ్వ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో పడేసింది.

మరుసటిరోజు అయ్యోరు అడిగింది సరిగ్గా అదే, బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్. ముందు బెంచీలో హెడ్మాస్టరు కూతురితో సహా ఐదుగురూ 'ఆర్' అని నిలబడిపోయారు. తర్వాత కుప్పమ్మ వంతు, ఆ తర్వాత నేను. ఆ పిల్ల ఒప్పు చెబితే ఐదుగురి ముక్కులూ ఆ పిల్ల చేతిలో ఉంటాయి, నాకేమీ మిగలదు.

"కుప్పమ్మా, లెయ్. బుర్రలో ఏముండాదో సూద్దాం, సదువా, సెత్తా?" అన్నాడు అయ్యోరు నవ్వుతూ. క్లాసంతా నవ్వింది.

కుప్పమ్మ లేచింది. ఆ నవ్వుకు బెదిరింది. తెలిసిన జవాబును పట్టుకొని, అవునా కాదా అని నా వైపు చూసింది. నిన్న తను నేర్పిందే, అయినా నన్ను అడిగింది. నేను అయ్యోరికి కనబడకుండా పెదవులు తెరిచి, చప్పుడు రాకుండా 'ఆర్' అన్నాను.

ఆ పిల్ల తనకు తెలిసినదాన్ని వదిలేసి నన్ను నమ్మింది. "ఆర్" అంది.

నేను లేచి 'ఈజ్' అన్నాను. ఎందుకు అని అయ్యోరు అడిగితే, గంప, సరుకు, మోసపోవడం, అంతా కుప్పమ్మ మాటలే ఒక్కటి పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆయన భుజం తట్టి, "శభాష్, ఇదీ బుర్రంటే" అన్నాడు. ముందు బెంచీ ఐదుగురినీ చెయ్యి గుంట చేసి కొట్టాను. చివరకు కుప్పమ్మ దగ్గరికొచ్చి ముక్కు పట్టుకున్నాను. ఆ పిల్ల కళ్లు మూసుకోలేదు. నేను అరచెయ్యి బల్లపరుపుగా చాపి, సొనపొక్కు ఉన్న చెంప మీదే, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. అయ్యోరికి భయపడి కొట్టానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. కొట్టాలని కొట్టాను, కొడుతుంటే బాగుంది. పొక్కు పగిలి, తడి నా చేతికి అంటింది, పావడాకు తుడుచుకొని కూర్చున్నాను.

పక్కన కూర్చున్నాక ఆ పిల్ల చెంప మీద చెయ్యి పెట్టుకొని మెల్లగా ఒక్క మాట అడిగింది, "నీకు తెలుసు గదమే?"

నేను పుస్తకంలోకి చూశాను. మర్నాటి నుంచి కుప్పమ్మ రాలేదు. ఆ సాయంత్రం నాయన నాకొచ్చిన శభాష్ గురించి స్టేషనంతా చెప్పుకొని, నేతి మైసూరుపాకు పొట్లం తెచ్చాడు. మొత్తం తిన్నాను.

ఇప్పుడు ఆ మీటరుగేజి బండి లేదు, అయ్యోరు లేడు, అవ్వ లేదు. మండీల్లో గంపలు పోయి ఈ క్రేట్లు వచ్చాయి. కుప్పమ్మ ఫ్యాక్టరీలో చేరిందని ఒకసారి విన్నాను, ఆ తర్వాత నేను విచారించలేదు. ట్యూషన్లో 'ఆఫ్' పాఠం మాత్రం ఏటా ఆ పిల్ల మాటల్తోనే చెప్తాను. మేడం చెబితే భలే అర్థమవుతుందని పిల్లలు అంటారు, ఎవరు నేర్పారో చెప్పను. ముక్కు పట్టుకొని కొట్టించే రోజులు కూడా పోయాయి. నేను ప్రతి ఆదివారం వాట్సాప్ గ్రూపులో అందరి మార్కులూ పేర్లతో సహా పెడతాను, పైనుంచి కిందికి. హారిక పేరు మూడు వారాలుగా అడుగున ఉంది.

వాళ్ల నాయన క్రేటు దించి అడిగింది అదే. "పాప పేరు ఆడ పెట్టొద్దు మేడం. స్నేహితులు నవ్వినారంట. అన్నం తింటా లేదు."

"పేరు పెడితేనే పట్టుదల వస్తుందప్పా," అన్నాను, నవ్వు ముఖంతోనే. ఆదివారం పెట్టాను. ఐదు నిమిషాలకు ఆయన గ్రూపులోంచి తప్పుకున్నాడు. సోమవారం హారిక రాలేదు, మంగళవారమూ రాలేదు.

ఈ పొద్దున ఫోన్ చేశాను. ఆయన గొంతులో కోపమేమీ లేదు. "పాపని ఇంగ పంపించంలే మేడం. కాయలు మీకే, తినండి. క్రేటు మాత్రం ఖాళీ చేసి వాకిట్లో పెట్టండి, అది మండీవాళ్లది," అన్నాడు.

ఖాళీ చేయడానికి కూర్చున్నాను. తీస్తుంటే ఒక కాయ తొడిమ విరిగి, సొన అరచేతి నిండా పడింది. మండలేదు. అరచెయ్యి తోలు మందం కదా, సొన మండేది చెంప మీద పడినప్పుడే.