కడబంతిలో కూర్చున్న కారు

జూన్ నెల రెండో శనివారం, ఉదయం 5.40. తమిళనాడు, పీలమేడులోని మా ఇంటి ముందు ఉన్నవారు: నేను, నా భార్య సరోజ. వాహనం: ఏడాది కిందట కొన్న చిన్న విద్యుత్ కారు. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంది. ఈ అంకె డైరీలో రాసుకున్నాకే తాళం తిప్పాను.

మేం వెళ్ళేది కంబానికి, మా అక్క కమలమ్మ ఇంటికి. ఆమె కూతురు జ్యోతిమణి తేనిలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. రోజూ పోనూ రానూ ఎనభై కిలోమీటర్లు. పాత డీజిల్ కారుకు నెలకు పదివేల ఆరువందలు పోతోంది. ఈ తిరుగుడుకు అది ఇంక ఎక్కువ కాలం నిలవదు; దాన్ని అమ్మేసి విద్యుత్ కారు కొనాలని ఆమె ఆలోచన. కొత్త కారు వాయిదా నెలకు ఎనిమిదిన్నర వేలు. డీజిల్లో మిగిలే డబ్బు ఆ వాయిదాను మోస్తేనే కొనగలదు. మోయకపోతే తేనిలో గది తీసుకుని ఉండాలి. అప్పుడు అక్కనూ బావనూ చూసుకునేవారు ఉండరు. పాత కారును కొనే మనిషి ఆదివారం తొమ్మిదికి వస్తానన్నాడు. "మామా, నీ నోటుబుక్కు ఎత్తుకొని రా. నువ్వు సరి అంటేనే అమ్మేది" అని ఫోన్ చేసింది.

నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఇంట్లో చార్జ్ చేసిన ప్రతిసారీ మీటరు చూసి రాసుకున్నాను. మాకు కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. బిల్లును యూనిట్లతో భాగిస్తే యూనిట్ మూడు రూపాయల అరవై పైసలు. నలభై ఏళ్ళు మిల్లులో మెషీన్ల లెక్కలు రాసినవాణ్ణి. ఈ అంకె మీద నాకు అనుమానం లేదు.

పొల్లాచ్చి దాటేసరికి ఏడు. ఉడుమలపేటలో కాఫీ తాగాం. 8.20కి ఒట్టన్‌చత్రం బైపాస్ చేరేటప్పటికి బ్యాటరీ నలభైకి దిగింది. అక్కడ ఒక హోటల్ పక్కన ఫాస్ట్ చార్జర్ ఉంది. ఈ దారిన రాబోయేవారికి ఒక మాట: డబ్బు ముందుగానే ఫోన్ యాప్‌లో వేసి ఉంచుకోండి. అక్కడికి వెళ్ళాక సిగ్నల్ వెతుక్కోవడం నరకం. ముందు ఒక కారు ఉండడంతో ఇరవై నిమిషాలు ఆగాం. ఆ తర్వాత మాకు నలభై నిమిషాలు పట్టింది. పదహారు యూనిట్లకు పన్నుతో కలిపి 352 రూపాయలు, అంటే యూనిట్ ఇరవైరెండు. బ్యాటరీ తొంభైకి చేరింది.

మా ముందున్న కారు మేట్టుపాళయం వక్కల వ్యాపారిది. నాతో అరవంలో మొదలుపెట్టినవాడు, సరోజ నాతో మాట్లాడింది విని తెలుగుకు మారాడు. రోడ్డు మీది ధర చూసి నేను గొణుక్కుంటుంటే నవ్వాడు.

"రోడ్డు కరెంటు ఓటల్ ఇడ్లీ మాదిరి అన్నా. ఇంట్లో ఇడ్లీతో పోల్చినామంటే కడుపు మండుతాది. ఆకలైనప్పుడు తినే తీరల్ల."

ఆ ఇడ్లీల పోలిక నాకు బాగా నచ్చింది. డైరీలో రాసుకున్నాను. అదే రోజు మధ్యాహ్నం నా లెక్కను పడగొట్టేది కూడా తిండి మాటేనని అప్పటికి తెలియదు.

వత్తలగుండు, తేని మీదుగా కంబం చేరేసరికి పన్నెండు. ఇంటి వెనకే బావ రంగసామి ద్రాక్షతోట. ఒంటి గంటకు అరిటాకులు వేశారు. భోజనాల దగ్గరే జ్యోతిమణి నా నోటుబుక్కు తెరిచింది. నెలకు ఆమెకు మూడువందల ముప్పై ఎనిమిది యూనిట్లు కావాలి. నా ధరన సుమారు పన్నెండు వందలు. డీజిల్లో తొమ్మిదివేల నాలుగువందలు మిగులుతుంది. వాయిదా పోను ఇంకా చేతికి వస్తుందని చెప్పాను. రోడ్డు చార్జర్ మీదే ఆధారపడితే మటుకు ఏడున్నర వేలకు దగ్గరవుతుంది, ఆ పని వద్దన్నాను.

జ్యోతిమణి ముఖం విప్పారింది. పాత కారుకు కొనేవాడు ఫోన్‌లో లక్షా ఎనభై వేలు అన్నాడట, తనూ సరి అందట. మెకానిక్ మాత్రం రెండున్నర లక్షలు పలుకుతుందని చెప్పాడు. వాయిదా ఎట్లాగూ గడుస్తుంది కాబట్టి బేరమాడకుండా ఇచ్చేస్తానంది.

అప్పుడు బావ కల్పించుకున్నాడు. ఆ పన్నెండు వందలు కూడా ఎందుకు, తోటలో మోటరుకు ప్రభుత్వం ఇచ్చే కరెంటు ఉచితమే కదా, షెడ్డులో తగిలించుకో అన్నాడు. అది పైరుకు నీళ్ళు తోడడానికి ఇచ్చినదని నేనన్నాను. బావ పాయసం జుర్రుకుంటూ నవ్వాడు.

"లైన్ చూసేవాడు మనకు తెలిసినోడే అప్పా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పాయసం వస్తాది."

"దొంగ పాయసం నా కారుకు వద్దు నైనా" అంది జ్యోతిమణి. తర్వాత నా నోటుబుక్కును మళ్ళీ దగ్గరకు లాక్కుంది. ఆమె ఆకులో అన్నం అట్లాగే ఉంది. తలెత్తి నన్ను అడిగింది.

"మామా, ఇంట్లో ఫ్రిజ్జు, ఏసీ, గ్రైండరు ఇవంతా తినేది మొదటి బంతిలో కదా?"

"ఆమా" అని ఒప్పుకున్నాను.

"సుమ్మా, ఉచితంగా వచ్చే నూరు యూనిట్లు, తక్కువ ధరవి, అన్నీ వాళ్ళే తినేస్తారు. నా కారు కూర్చొనేది కడబంతిలో. దానికి మొదటి బంతి ధర ఎట్ల వేస్తివి?"

నేను చెయ్యి కడుక్కోకుండానే లేచి అక్క ఇంటి పాత బిల్లులు అడిగాను. మా తమిళనాడులో మొదటి నూరు యూనిట్లు ఉచితం, ఆపైన మెట్టు మెట్టుకూ ధర పెరుగుతుంది. అక్క ఇంటికి కారు లేకుండానే రెండు నెలలకు నాలుగువందల ఎనభై యూనిట్లు. కారు యూనిట్లన్నీ దాని మీదికి వస్తాయి; మొత్తం ఐదువందలు దాటితే కింది మెట్లలోనూ రాయితీ కొంత తగ్గుతుంది. అన్నీ కూడి చూస్తే కారుకు యూనిట్ పదిన్నర రూపాయలు. నెలకు మూడువేల ఐదువందల యాభై. డీజిల్లో మిగిలేది ఏడువేల యాభై. వాయిదాకు నెలకు పద్నాలుగువందల యాభై తక్కువ.

ఏడాదిగా నేను సరాసరి ధర రాస్తున్నాను. కారుకు సరాసరి పనికిరాదు, కడపటి ధరే కావాలి. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అక్క నావైపు చూడలేక సరోజను పెరట్లోకి పిలుచుకుపోయింది. జ్యోతిమణి మాత్రం నా పెన్నే తీసుకుని ఇంకో లెక్క వేసింది. కొత్త కారుకు ముందుగా ఇంకో డెబ్బైవేలు కడితే వాయిదా ఆ పద్నాలుగువందల యాభై మేరకు తగ్గుతుంది. లక్షా ఎనభైకీ మెకానిక్ చెప్పిన ధరకూ తేడా సరిగ్గా డెబ్బైవేలు.

సాయంత్రం ఆరుకు అక్క ఇంటి పదిహేను ఆంపియర్ల ప్లగ్గులో నా కారు తగిలించాం.

మర్నాడు, ఆదివారం ఉదయం ఆరుకు బ్యాటరీ నూరు. మీటరులో ఇరవైమూడు యూనిట్లు. కడబంతి ధరన రెండువందల నలభై రెండు రూపాయలు అక్క చేతిలో పెట్టబోయాను.

"తమ్మునికి పెట్టిన కూటికి ఎవరన్నా బిల్లు రాస్తారారా?" అని చెయ్యి వెనక్కి తోసింది.

తొమ్మిదికి కొనే మనిషి వచ్చాడు. లక్షా ఎనభై బల్లమీద పెట్టాడు. జ్యోతిమణి రెండున్నర అంది. అతను ఫోన్‌లో సరి అన్నారు కదా అని నిష్ఠూరమాడాడు.

"అది నిన్నటి కణక్కు అన్నా. ఈ పొద్దు లెక్క వేరే."

అతను డబ్బు తీసుకుని గేటు దాటాడు. పోయే డబ్బు పోనీ, అతన్ని వెనక్కి పిలవమని బావ సైగ చేశాడు. జ్యోతిమణి కదల్లేదు. అతను మోటారుసైకిల్ స్టార్ట్ చేశాడు, ఆపాడు, తిరిగి వచ్చాడు. రెండు లక్షల నలభైవేలకు తెగింది. తక్కువైన పదివేలకు వాయిదాలో నెలకు రెండువందలు ఎక్కువ పడుతుంది. అది నేను చూసుకుంటానంది.

10.40కి తిరుగు ప్రయాణం. రోడ్డు మీద ఇరవైరెండు, ఇంట్లో పదిన్నర: ఇంటి చార్జింగ్ ఇప్పటికీ సగం ధరే. ఆ మాట మీద నేను గట్టిగానే నిలబడతాను. అయితే ఏ ఇంటి ధర ఆ ఇంటిదే. తేని దాటాక సరోజ నా డైరీ ఒళ్ళో పెట్టుకుని, మన కారు మాత్రం ఏ బంతిలో కూర్చుంటుందని అడిగింది. దారి పక్కన ఆపి లెక్క వేశాను. ఆరు రూపాయల ఇరవై పైసలు. మూడు అరవై మీద గీత కొట్టి కొత్త అంకె రాసి, పక్కన జ్యోతిమణి పేరు రాశాను.