సారక్క నెయ్యి వేయని క్యారెట్ కూర

నిన్న పొద్దున కాలేజీకి రెడీ అవుతుంటే ఫోన్ వచ్చింది. సారక్క మేడం ఇక లేరట. హార్ట్ ఎటాక్.

"ఏ సారక్క?" అని అడిగాను.

మా జనగామ కాలేజీలో ఉన్నది ఒక్క సారక్కే.

తను జువాలజీ, నేను బాటనీ. స్టాఫ్ రూమ్‌లో పక్కపక్క కుర్చీలు. రోజూ లంచ్‌లో అదే పంచాయితీ.

నా బాక్సులో క్యారెట్ కూర కనిపిస్తే చాలు, ఇంటి నుంచి తెచ్చుకున్న బర్రె నెయ్యి డబ్బా తీసేది.

"చెల్లె, మీ మొక్కలు కెరోటిన్ దాకా చేసి చేతులు దులుపుకుంటయి. గది విటమిన్ ఏ కావాల్నంటే మా జంతువుల పేగులల్ల పడాల్సిందే. జర నెయ్యి లేకుంటే ఒంటికి పట్టనే పట్టది."

అడగకుండానే ఒక స్పూన్ వేసేసేది. వద్దంటే రెండు.

ఓసారి మా అవ్వకు డబ్బా నిండా ఆ నెయ్యి పంపింది. మా ఇంట్లో ఎప్పుడూ ఆవు నెయ్యే. అవ్వ మూత తీసి ముఖం మాడ్చుకుంది.

"నెయ్యంటే పసుపుపచ్చగ ఉండాలె. గిదేంది గింత తెల్లగ? డాల్డా అంటగట్టింది మీ మేడం."

సంగతి తెలిసి సారక్క ఆదివారం తన ఊరు తరిగొప్పులలో బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది. కోపంతో కాదు, పాఠం చెప్పడానికి!

"అవ్వా, పచ్చిగడ్డిల కెరోటిన్ అని పసుపు రంగు ఉంటది. ఆవు దాన్ల కొంత అట్లనే పాలల్లకు ఇడుస్తది. మా బర్రె ఇడ్వది, మొత్తం విటమిన్ చేస్తది. గందుకే నెయ్యి తెల్లగుంటది."

అవ్వ డబ్బా మూత మళ్లీ తీసి చూసింది. "అయితే మీ బర్రె మంచి పనిమంతురాలే" అంది.

ఆ పూటంతా ఇద్దరూ ఒక్కటై నన్ను ఆటపట్టించారు.

అవ్వ పోయి ఏడాది దాటింది. ఇంట్లో నేనొక్కదాన్నే. నిజం చెబుతున్నా, రోజు మొత్తంలో పక్కన ఒక మనిషి ఉండగా తినేది ఆ లంచ్ ఒక్కటే.

నిన్న సాయంత్రం సాగనంపి వచ్చాం. వాళ్ల కొట్టంలో బర్రె అరుస్తూనే ఉంది. రోజూ పాలు పిండేది సారక్కే మరి.

ఇంట్లో ఉండలేక ఈ రోజు కాలేజీకి వెళ్లాను.

లంచ్ బెల్ కొట్టాక బాక్స్ తెరిచాను. క్యారెట్ కూర. అలవాటుగా పక్క కుర్చీ వైపు జరిపాను.

నేను వద్దనడానికి కూడా పక్కన ఎవరూ లేరు.

రెండు ముద్దలు తిని మూత పెట్టేశాను.

నువ్వే గెలిచావు సారక్కా. పంచాయితీ అయిపోయింది. నువ్వు లేకుండా తింటే ఒంటికి పట్టడం లేదు.

నువ్వైనా ప్రశాంతంగా ఉండు, అక్కా.