గులాబీ బట్టీల దారిలో వెనక వచ్చినామె

దయ్యాల సంగతి ముందే తేల్చేస్తాను. నాకు నమ్మకం లేదు. పందొమ్మిదేళ్లుగా నర్సు పనిలో ఉన్నాను. చనిపోయినవాళ్ల కళ్లు నా చేత్తో మూసి, ఆ గదిలోనే కూర్చుని రిపోర్టు రాసుకున్న రోజులు లెక్కలేనన్ని. దయ్యమంటూ ఉంటే ఈపాటికి డ్యూటీలో ఎక్కడో ఒకచోట నాకు ఎదురుపడి ఉండాలి. మా రాజోలు వైపు కొబ్బరి మట్ట రాలినా దయ్యమనేవాళ్లకు కొదవ లేదు. మా నాన్న మాత్రం "ప్రార్థన చేసుకుని పడుకోండర్రా" అని లైటు ఆర్పేసేవాడు. నేను ఆయన కూతుర్నే.

అందుకని దీన్ని దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను. అర్థం చేసుకోగలిగినవాళ్లు నాకు చెప్పండి.

మేముండేది మస్కట్‌లో, వాడి కబీర్‌లో. నలభై దాటాక షుగరు పలకరిస్తుందన్న భయంతో సైకిల్ మొదలుపెట్టాను. తెలుగువాళ్లం ఆరుగురం కలిసి శుక్రవారాలు తొక్కుతాం. మా పెద్ద శ్రీనివాస్ గారు. కరీంనగర్ ఆయన, ఒక కట్టడాల కంపెనీలో ఇంజనీరు. మా జట్టుకు ఒక కచ్చితమైన నియమం ఉంది. అందరికంటే వెనక ఒక మనిషి రావాలి. ఎవరి టైరు పంక్చరైనా, ఎవరికి కళ్లు తిరిగినా, ఆ చివరి మనిషి వాళ్లను దాటి ముందుకు పోకూడదు. నేను నర్సుని, సంచిలో కట్లూ మందులూ ఉంటాయి కాబట్టి ఆ పని నాకే అప్పగించారు. వెనక చూసుకోవడానికి నా హ్యాండిల్‌కు చిన్న అద్దం కూడా బిగించారు. మూడేళ్లలో ఒక్క మనిషిని కూడా నేను వెనక వదిలేసి రాలేదు. ఆ విషయంలో నాకు కొంచెం గర్వం ఉండేది, ఒప్పుకుంటాను.

నిరుడు ఏప్రిల్‌లో శ్రీనివాస్ గారు ఫోనులో ఏదో చూశారు. వేరే దేశాల్లో జనం సైకిళ్ల మీద వైన్ తయారుచేసే చోటు నుంచి బీరు తయారుచేసే చోటుకు తిరుగుతూ, ఆగినచోటల్లా ఇంత రుచి చూసి పోతారట. ఆయనకు ఆశ పుట్టింది. ఒమన్‌లో అలాంటివి ఎక్కడ దొరుకుతాయి? చివరకు ఆయనే దారి కనిపెట్టారు. జబల్ అఖ్దర్ కొండ మీద ఊళ్లలో ఏప్రిల్ నెలంతా గులాబీలు కోసి, బట్టీల్లో పన్నీరు తీస్తారు. ఒక బట్టీ నుంచి ఇంకో బట్టీకి సైకిల్ మీద పోదామన్నారు.

నాకు నవ్వాగలేదు. మా వైపు బట్టీ అంటే సారా బట్టీయే. నేను విశ్వాసిని, ద్రాక్షరసమంటే చర్చిలో ప్రభువు బల్ల రోజున ఇచ్చే ఆ చిన్న గ్లాసే తెలుసు. "పన్నీరు తాగితె పాస్టర్ గారు ఏమనరు తియ్ సిస్టర్" అన్నారు శ్రీనివాస్ గారు.

ఆ కొండ ఎక్కడానికి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకే అనుమతి. కింద పోలీసులు ప్రతి బండినీ ఆపి చూస్తారు. రెండు పికప్‌లలో సైకిళ్లు వేసుకుని పైకి వెళ్లి, ఉదయం ఏడింటికి తొక్కడం మొదలుపెట్టాం. పైన చల్లగా ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇది ముఖ్యం, ఎందుకంటే తర్వాత చాలామంది పొగమంచు ఉందా అని అడిగారు. లేదు.

మొదటి బట్టీ ఒక పెద్దావిడది. మసిబారిన గది, వరసగా మట్టి పొయ్యిలు, ప్రతి పొయ్యి మీదా ఒక కుండ, లోపల పన్నీరు పట్టుకోవడానికి రాగి గిన్నె. అచ్చం మా ఊరి సారా బట్టీలాగే ఉంది, వాసన తప్ప. ఆవిడ చాప పరిచి, ఖర్జూరాలు పెట్టి, కాఫీ కప్పులు ఏడు తెచ్చింది. మేము ఆరుగురం. ఆవిడ కూడా తాగుతుందేమో అనుకున్నాను. తాగలేదు. ఏడో కప్పు ఖాళీగానే చాప చివర ఉంచి, రెండు మూడుసార్లు గేటు వైపు చూసింది. నేను అడగలేదు. అడగాల్సిన విషయంలా అనిపించలేదు.

అక్కడి నుంచి రెండో చోటికి తొమ్మిది కిలోమీటర్లు. అది ఒక ముసలాయన తోట. పన్నీరుతో పాటు దానిమ్మ పాకం కూడా చేస్తారు. మధ్యలో గట్టి ఎత్తు ఉంది. అందరూ ముందు ఎక్కేశారు, నేను చివర. అద్దంలో వెనక రోడ్డు కనిపిస్తూనే ఉంది. మనిషి కాదు గదా మేక కూడా లేదు.

ముసలాయన మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఎడమ చేతిలో కాఫీ కూజా, కుడి చేతిలో కప్పులు పట్టుకుని నిలబడ్డాడు, కానీ పొయ్యడం లేదు. ఇక్కడివాళ్ల మర్యాద అది, అతిథులందరూ కూర్చునేదాకా మొదటి కప్పు పొయ్యరు. ఐదు నిమిషాలు గడిచాయి. చివరకు నాకొచ్చిన ఆసుపత్రి అరబ్బీలో అడిగాను, ఎవరి కోసం చూస్తున్నారని.

"నీ వెనక వచ్చినామె కోసం" అన్నాడు.

నా వెనక ఎవరూ లేరు, చివరిదాన్ని నేనే అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కూతుర్ని మందలించినట్టే చెప్పాడు. ఎత్తు పొడవునా ఆమె నీ సీటు మీద చెయ్యి వేసి నడుస్తూ వచ్చింది, నువ్వు దిగగానే వెనక్కి తిరిగి కిందికి వెళ్లిపోయింది, అలసిపోయిన మనిషిని అలా వదిలేస్తారా అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నేను! మనిషిని వదిలేశానట! అప్పుడే పొద్దుటి ఏడో కప్పు గుర్తొచ్చింది.

"ముసలాయనకు కండ్లు సక్కగ కనవడ్తలేవు సిస్టర్, గీ లొల్లి మనకెందుకు?" అన్నారు శ్రీనివాస్ గారు. పది దాటితే ఎండ ముదురుతుంది, మూడో బట్టీ ఇంకా మిగిలి ఉంది, నిజమే. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఆయన ఊరికే అనడు. ఎవరో ఆడమనిషి ఒంటరిగా నడుస్తూ మమ్మల్ని అందుకోవాలని చూసిందేమో, ఎక్కడో పడిపోయిందేమో. మీరు పదండి, నేను చూసొస్తాను అని సైకిల్ వెనక్కి తిప్పాను.

రోడ్డంతా కళ్లకు కనిపిస్తూనే ఉంది. మనిషి నిలబడి ఉంటే దాగే చోటు లేదు. దాగేదల్లా ఎండిన వాగుల మీద కట్టిన కల్వర్టుల కిందే. అందుకని ప్రతి కల్వర్టు దగ్గరా దిగాను. వంగి చూసి, హిందీలో ఒకసారి, అరబ్బీలో ఒకసారి పిలిచాను. మొదటిది, రెండోది, మూడోది. మోకాళ్లు నొప్పెట్టాయి. శ్రీనివాస్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు.

నాలుగో కల్వర్టు కింద బండరాళ్లు ఉండటంతో లోపలంతా కనిపించలేదు. హిందీలో పిలిచాను. అరబ్బీలో పిలిచాను. జవాబు లేదు. తిరిగి సైకిల్ ఎక్కబోతుంటే విసుగు ముంచుకొచ్చి మన భాషలోనే తిట్టాను. "ఎవరమ్మా నువ్వు! ఉంటే ఉన్నానని చెప్పొచ్చు గదా, నా ప్రాణం తీసేత్తున్నావు!"

కింద నుంచి సన్నగా వినిపించింది.

"ఈడుండానక్కా."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. నేను రాళ్ల మీద జారుకుంటూ దిగాను. ఆమెకు ముప్పై ఐదేళ్లుంటాయి. ఎడమ కాలు మోకాలి కింద విరిగి వాచిపోయింది. పెదాలు పగిలిపోయాయి. పేరు రమణమ్మ, కడప జిల్లా రాయచోటి దగ్గర. ఒక ఇంట్లో పనికి వచ్చింది. రెండేళ్ల గడువు దాటి ఏడు నెలలైనా ఇంటికి పంపలేదట. ఆ కుటుంబం కొండ మీది ఇంటికి వచ్చినప్పుడు, ముందు రోజు తెల్లారకముందే బయటపడింది. పోలీసులు బండ్లు ఆపే చోటును తప్పించుకుని వాగులో నడిచి దిగిపోవాలనుకుంది. కాలు జారింది. ఒక పగలూ ఒక రాత్రీ అక్కడే పడి ఉంది.

నీళ్లు ఇస్తుంటే తాగడానికి ముందు నా మణికట్టు పట్టుకుంది.

"పోలీసోళ్లకు చెప్పొద్దక్కా. నేను కల్లివెల్లి అయినా."

కాగితాలు యజమాని దగ్గర వదిలేసి పారిపోయినవాళ్లను ఇక్కడ పనివాళ్లు ఆ మాటే అంటారు. పైన బండ్లు పోతున్న చప్పుడు ఆమె వింటూనే ఉంది. ముందు రోజు ఎవరో బండి ఆపి దిగారు కూడా. మూలుగు బయటికి రాకుండా ముసుగు గుడ్డ నోట్లో కుక్కుకుందట. నేను హిందీలో, అరబ్బీలో పిలిచినప్పుడు కూడా అంతే. తెలుగు వినబడ్డాకే నోట్లోంచి గుడ్డ తీసింది.

నాకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది. "కాగితాలు లేకపోతే తెప్పించొచ్చు. నువ్వు లేకపోతే ఎక్కణ్ణించి తెమ్మంటావే?" అని గట్టిగానే అరిచాను. సైకిల్ పంపు ఒక పక్కా, ఎండిన కొమ్మ ఒక పక్కా పెట్టి, సంచిలోని టైరు ట్యూబుతో కాలు కదలకుండా కట్టాను. శ్రీనివాస్ గారు పికప్ తీసుకుని వచ్చారు. దారిలో ఫోనులోనే అన్నారు, పోలీసు కేసు అయితది సిస్టర్, మనందరి వీసాలు ఆలోచించుండ్రి అని. వచ్చి కల్వర్టు కిందికి తొంగి చూశాక ఆయనే ఎత్తుకుని పైకి తెచ్చారు.

కింది పట్నం ఆసుపత్రిలో ముందు వైద్యం చేశారు, తర్వాతే కాగితాలు అడిగారు. కాలికి రాడ్ వేశారు. ఇంకో రాత్రి గడిచి ఉంటే కిడ్నీలు దక్కేవి కావన్నాడు డాక్టరు. నేను ప్రతి సెలవు రోజూ వెళ్లాను. మన రాయబార కార్యాలయం చుట్టూ తిరిగాను. ఇందులో తలదూర్చొద్దన్నవాళ్లతో పోట్లాడాను. ఎట్టకేలకు పాస్‌పోర్టు వచ్చింది, టికెట్టూ వచ్చింది.

ఇంతవరకూ అయితే దేవుడు దారి చూపాడనుకుని ఊరుకునేదాన్ని. ఆ ముసలాయనకు కనిపించింది రమణమ్మే అనీ, ఏదోలా ఆమె బాధే అంతదూరం నడిచి వచ్చిందనీ సర్దిచెప్పుకునేదాన్ని. ఆమె దొరికిన రెండు వారాలకు ఆయనకు కృతజ్ఞత చెప్పడానికి వెళ్లాను. రమణమ్మను అడిగి తీసుకున్న ఆమె ఫోటో ఫోనులో చూపించాను.

ఆయన చాలాసేపు చూశాడు. "ఈమె కాదు" అన్నాడు.

నీ వెనక వచ్చినామె ఇంకా పొడుగు, జుట్టు బాగా నెరిసింది, కాళ్లకు చెప్పులు లేవు అన్నాడు. మొదటి బట్టీ పెద్దావిడ దగ్గరకూ వెళ్లాను. ఆవిడా ఫోటో చూసి కాదంది. పెద్ద వయసు మనిషి, గేటు దగ్గర నిలబడింది, పిలిచినా లోపలికి రాలేదు అంది. వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకుని ఉండొచ్చు, నాకు తెలియదు. ముసలాయన గేటు దగ్గర నేను దిగుతుండగా మావాళ్లు తీసిన ఫోటో ఒకటి ఉంది. వందసార్లు పెద్దది చేసి చూశాను. నేనున్నాను, సైకిల్ ఉంది, వెనక ఎండలో రోడ్డు ఉంది.

నేను ఏ మనిషినీ దాటి రాలేదు. నన్ను ఏ మనిషీ దాటలేదు. రమణమ్మతో ఎవరైనా బయల్దేరారా అంటే, లేదు, ఒక్కదాన్నేనంది.

విమానం ఎక్కే ముందు రోజు ఇదంతా రమణమ్మకు చెప్పాను. తమ ఊరి గంగమ్మే వచ్చింటుందని దండం పెడుతుందనుకున్నాను. నేను నవ్వి ఊరుకుందామనుకున్నాను కూడా. ఆమె దండం పెట్టలేదు. కట్టు కట్టిన కాలు వైపు చూస్తూ అడిగింది.

"మరి ఆయమ్మను ఎతికినారా అక్కా?"

నేను వెతకలేదు. నాలుగో కల్వర్టు దగ్గర ఒక మనిషి దొరికింది, అక్కడితో ఆగిపోయాను. మిగిలిన కల్వర్టుల కింద ఏముందో ఆ రోజు చూడనేలేదు.

మరుసటి శుక్రవారం శ్రీనివాస్ గారూ నేనూ వెళ్లాం. ఈసారి ఆయన ఒక్క మాట అడ్డు చెప్పలేదు. దారి పొడవునా ప్రతి కల్వర్టు దగ్గరా, ప్రతి వాగు మలుపులోనూ దిగాం. తెలుగులో, హిందీలో, అరబ్బీలో పిలిచాం. శ్రీనివాస్ గారికి సైట్లో పనివాళ్ల దగ్గర నేర్చుకున్న బెంగాలీ ముక్కలు నాలుగు వచ్చు, ఆయన అవీ వాడారు. ఈ ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లి అదే చేశాం.

ఆమె ఎవరో, నా సీటు మీద చెయ్యి ఎందుకు వేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. మేం ఎన్నిసార్లు పిలిచినా ఎవరూ పలకలేదు. పలకలేదు కాబట్టి లేరని అనుకోవడం మాత్రం నాకిప్పుడు చేతకావడం లేదు.