దొన మీద మూత

మీ చేలో నీళ్లు పడని బోరు ఉందా? దాని నోరు మూశారా? తల దించుకోకండి... నేనూ మీ వరుసలో నిలబడే అడుగుతున్నాను.

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులు వస్తే రామన్నపేట నుంచి దేవరకొండ దగ్గర మా పెద్దనాయిన ఊరికి పోయేదాన్ని. ఆయనకు మేకల మంద ఉండేది. కింద మేత మాడిపోతే మందను గుట్ట మీదికి తోలి, నాలుగైదు రోజులు అక్కడే ఉండేవాడు. ఒక ఏడు నన్నూ, తన చిన్నబిడ్డ సాయమ్మనూ వెంట తీసుకుపోయాడు. నాకు తొమ్మిదేళ్లు... దానికి ఐదు.

ఎంత సంబరమో! బండ చాటున గొంగడి పరిస్తే అదే ఇల్లు... మూడు రాళ్ల పొయ్యి మీద జొన్న గటక... చేతినిండా తునికి పండ్లు, మొర్రి పండ్లు...

"ఏమే రామన్నపేట దొరసానీ, గటక గొంతు దిగుతలేదా? గీ గుట్ట మీద నీకు పూరీలు ఎవరు చేస్తరే?" అని పెద్దనాయిన ఎగతాళి.

"నువ్వే చెయ్యి నాయినా, పొయ్యి ఉన్నది గద!" అని సాయమ్మ నా తరఫున తగాదాకు దిగేది.

అన్నిటికంటే జారుడు బండ! నున్నటి వాలు రాయి. తాటి మట్ట మీద కూర్చుని పైనుంచి వదిలితే చెవుల్లో గాలి, కళ్లలో నీళ్లు... నా గౌను వెనక చిరిగిపోయినా సోయి లేదు.

గుట్ట మీద తాగే నీళ్లు ఒక్క దొనలోనే ఉండేవి. రాతి నడుమ వాననీరు నిలిచే గుంట అది... నోరు ఇరుకు, లోపల మనిషి మునిగే లోతు. దాని మీద పలకరాయి మూత, మూత మీద ముళ్లకంప. మొదటి రోజే పెద్దనాయిన చెప్పాడు:

"నీళ్లు ఎవరన్న తాగుండ్రి. మూత మాత్రం తాగినోళ్లే పెట్టాలె. మర్వకు బిడ్డా."

మూడో రోజు పొద్దున సొరకాయ బుర్ర నింపుకున్నాను. పలకరాయి బరువు... ఎలాగూ మళ్లీ వస్తాను కదా అనుకుని మూత పెట్టకుండానే జారుడు బండకు పరుగెత్తాను. సాయమ్మ నా వెనకే వస్తోందనుకున్నాను.

రెండుసార్లు జారి, పైకెక్కి చూస్తే సాయమ్మ లేదు. మేకపిల్ల అరుపు మాత్రం వినిపిస్తోంది... ఎక్కడో లోపలి నుంచి.

ఉరికాను. దొన నోటి దగ్గర రెండు కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి! పట్టీలు పెట్టుకున్న కాళ్లు! లోపల పడ్డ మేకపిల్ల చెవి అందుకోవాలని తలకిందులుగా వంగింది.

"అక్కా, దొరికిందే... దొరికిందే..." అంటోంది.

రాతి మీద ఆ కాళ్లు కొంచెం కొంచెంగా లోపలికి జారుతున్నాయి. నేను? కదల్లేదు.

మేకపిల్ల అరుపు విని పెద్దనాయిన ఉరికొచ్చాడు. ఒక్క గుంజు గుంజి సాయమ్మను బయటకు లాగాడు. సాయమ్మ బతికింది. మేకపిల్ల బతకలేదు.

కొడతాడని వీపు బిగబట్టుకున్నాను. కొట్టలేదు. చచ్చిన పిల్లను తీసి పక్కన పెట్టి, "ముయ్యి" అన్నాడు. అంతే. నా చేతుల్లోంచి పలకరాయి మూడుసార్లు జారింది. ఆయన సాయం పట్టలేదు. తల్లిమేక వచ్చి ఆ మూతను వాసన చూస్తూ నిలబడింది...

చాలా ఏళ్లకు, బైబిలు లేఖనం శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాక, ఒక ధర్మం నా కంట పడింది. గొయ్యి తవ్వి మూయకుండా వదిలితే, అందులో పడిన పశువుకు తవ్వినవాడే జవాబుదారీ. ఎన్ని ప్రార్థన కూడికల్లో బోధించానో ఆ మాట!

మొన్న మా చేలోకి పోయాను. పోయిన ఏడు వేయించిన బోరు... నీళ్లు పడలేదని వదిలేసిన బోరు... దాని నోటి మీద చీకిపోయిన సిమెంటు సంచి. అంతే! ఆ సంచి పక్కనే ఎవరిదో మేకపిల్ల గంతులేస్తోంది. మైకు పట్టుకుని ఊరిని గద్దించే నేను! ఆ గొయ్యి నాది!

మేకపిల్లను అదిలించి, దొరికిన బండ దొర్లించి మూశాను. సాయంత్రానికి ఇనుప మూత బిగించాం.

ఆ రోజుల్లో ఎవరిదీ కాని దొనకు కూడా మూత ఉండేది... ఇప్పుడు మన సొంత చేలల్లోనే తెరిచిన నోళ్లు.

మీ గుట్టల ముచ్చట్లు, మీ జారుడు బండల ముచ్చట్లు కింద రాయండి... తప్పక చదువుతాను. కానీ ముందు ఫోన్ పక్కన పెట్టండి. రేపు కాదు... దేవుడు రేపటిని ఎవరికీ రాసివ్వలేదు. ఈ పొద్దు గుంకకముందే చేనుకు పొండి. మూసి రండి.