ముప్ఫై మూడో ఫైలు

సాయిబుగారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆయన మీదే విసుక్కుంటూ కూర్చున్నాను. ఊళ్ళు ముప్ఫై రెండు, ఫైళ్ళు ముప్ఫై మూడు. ఆ ఎక్కువ ఫైలు సంగతేమిటో ఆయన ఆఫీసుకు రాగానే తేల్చుకోవాలనుకున్నాను. పొద్దున నమాజు చేసుకుని కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయారట.

మాది గుంటూరులో మట్టి పరీక్షలు చేసే ల్యాబ్. ఫలితాలన్నీ ఒకే పెద్ద ఎక్సెల్ షీటులో ఉంటాయి. సాయిబుగారు రాసిపెట్టిన మాక్రో, అంటే చిన్న ప్రోగ్రాం, నడిపితే ఊరికో ఫైలుగా విడిపోతాయి. ఏ ఊరి ఫైలు ఆ ఊరి ఆఫీసుకు పంపుతాం. నలభై దాటాక కంప్యూటర్ పట్టారాయన. మొదట్లో ఒక్కో ఊరూ చేత్తో కాపీ చేసి అతికించేవారట. ఒకసారి ఒక ఊరి ఫలితాలు ఇంకో ఊరికి వెళ్ళి, ఎవరి చేనుకో వెయ్యాల్సిన మందు ఎవరో వేశారు. ఆ సిగ్గుతోనే మాక్రో నేర్చుకున్నానని చెప్పేవారు. అది నడుస్తున్నంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నడపడం నాకూ నేర్పారు గానీ, అది అయ్యేదాకా నన్నూ మౌస్ ముట్టుకోనిచ్చేవారు కాదు. "అన్నం ఉడికేటప్పుడు ఊరికే మూత తియ్యకు తల్లీ" అనేవారు.

ముప్ఫై మూడో ఫైలు పేరు 'విడి'. తెరిస్తే ఊరి ఫైళ్ళలో ఉన్న రైతులే మళ్ళీ, చివరి గడిలో మాత్రం ఇంకేవో పేర్లు. ఒకసారి అడిగితే "ఉండనీలే తల్లీ, నీకేం అడ్డం" అని టీకి లేచిపోయారు. నా ఖర్మ, సూటిగా ఒక్కమాట చెప్పరు కదా! ఆయన పోయాక రెండు వారాలూ అది పొరపాటని తుడిచేశాను.

మూడో వారం పర్చూరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. శనివారాలు సాయిబుగారు బస్టాండులో కనపడటం లేదేమని అడిగింది. చెప్పాను. మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఈవిడకూ ఆయనకూ ఏమిటో నాకు అంతుపట్టలేదు. చివరికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మరి మా మట్టి కాగితం ఎవరిస్తారండీ? ఎల్లుండి మిరపనారు నాటాలి" అంది.

ఆవిడ చెబితే తెలిసింది. కౌలుకు పొలం చేసేదీ ఆవిడే, మట్టి తెచ్చేదీ ఆవిడే. కాగితం మాత్రం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకే పోతుంది. కౌలుదారు పేరు ఏ కాగితం మీద కనపడినా పొలం ఆసాములు ఊరుకోరు, రేపు కౌలుదారు పొలం మీద తనకు హక్కుంది అంటాడేమోనని భయం. అందుకని సాయిబుగారు కౌలుదార్ల పేర్లు షీటులో చివరి గడిలో రాసుకుని, మాక్రోతో విడిగా తీసి, శనివారం శనివారం వాళ్ళ చేతికిచ్చేవారు.

మాక్రో మళ్ళీ నడిపాను. ఈసారి చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఆవిడ కాగితం ఇచ్చి పంపాను. నేను తుడిచేసిన రెండు వారాల్లో ఎంతమంది ఏమీ తెలియకుండానే నారు నాటేశారో అనుకుంటూ మిగతావి ప్రింటు తీస్తుంటే, ఒక వరసలో మా నాన్న పేరు కనపడింది. చివరి గడిలో మా నాలుగెకరాలు చేసే ఆయన పేరు.

ఏమనుకోవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆసామి కూతురినని నా దగ్గర దాచారా? అలాగైతే ఆ మాక్రో నాకే ఎందుకు నేర్పారు? నమ్మినట్టా, నమ్మనట్టా? ఆ మనిషి మీద ప్రేమా కోపమూ ఒకేసారి వస్తున్నాయి.

శనివారం నేనే బస్టాండుకు వెళ్ళాను. పోయారని చెప్పినా, కాగితం తీసుకుంటూ ఒక్కొక్కరూ నా వెనక్కి చూశారు, ఎక్కడైనా కనపడతారేమోనని. చివర్లో మా పొలం చేసే ఆయన వచ్చాడు. చెయ్యి చాచి, అప్పుడు నా మొహం చూశాడు.

"అబ్బే, ఏం లేదమ్మా. ఊరికే ఇటు వచ్చా" అంటూ ఆ చెయ్యి కండువా కింద పెట్టేసుకున్నాడు.

"సాయిబుగారే ఇమ్మన్నారు" అన్నాను, కాగితం ముందుకు చాపి.

చెయ్యి ఇంకా కండువా కిందే ఉంది.