లూబెన్ నిలబడ్డాడు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో టైర్ల షాపు వెనక జిమ్ నడిపే లూబెన్‌ని చూస్తే, ఒకప్పుడు బల్గేరియా తరఫున బరువులెత్తి యూరప్ పోటీల్లో బంగారు పతకం కొట్టిన మనిషంటే నమ్మబుద్ధి కాదు. మోకాళ్లు రెండూ మార్పించుకున్నాడు. పొట్ట వచ్చేసింది. శిష్యుల్లో సగం మంది మన తెలుగువాళ్లే. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని నడుములు పాడుచేసుకుని, వాటిని బాగుచేయమని ఆయన ప్రాణం తీస్తుంటారు. విసుక్కుంటాడు గానీ ఎవరినీ పొమ్మనడు.

పతకం సంగతి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ఆ మరుసటి ఏడాది సంగతి మాత్రం ఎత్తడు. ఈ ఆటలో ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. బార్ మీద బరువు పెంచుకోవచ్చు గానీ తగ్గించడానికి వీల్లేదు. మూడూ తప్పితే సున్నా. ఆ ఏడాది ప్రపంచ పోటీలో వాళ్ల కోచ్, లూబెన్‌ని మాటమాత్రమైనా అడగకుండా, అతని మొదటి బరువు పెంచేశాడు. మూడూ తప్పాయి. వెనక్కి తిరిగి చూస్తే కోచ్ లేడు, ఎప్పుడో హాలు వదిలి వెళ్లిపోయాడు. అంత జనంలో తనవాడంటూ ఒక్కడు లేకపోవడం ఓటమి కంటే ఎక్కువ కాల్చింది లూబెన్‌ని. మళ్లీ పోటీకి దిగలేదు. అమెరికా వచ్చి కార్ల ఫ్యాక్టరీలో చేరి, రిటైరయ్యాక ఈ జిమ్ పెట్టాడు.

మొన్న వసంతంలో శిష్యురాలు రాధారాణి మొదటిసారి పోటీకి దిగింది. యాభైకి దగ్గరపడ్డ మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పట్టుదలకు పెట్టింది పేరు. వార్మప్‌లో ఆమె బరువుల్ని పూచికపుల్లల్లా లేపుతుంటే లూబెన్‌కి ముచ్చటేసింది. ఆమెను అడగకుండానే వెళ్లి మొదటి బరువు పెంచి వచ్చాడు. తను చేసిన పనేమిటో, బార్ ఆమె చేతుల్లోంచి జారి ధన్‌మని పడ్డాక గానీ తెలిసిరాలేదు. రెండోసారీ పడింది.

లూబెన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నీళ్ల సీసా అందిస్తూ ఆమె పక్కన కూర్చున్నాడు.

"నిన్ను అడక్కుండా పెంచాను. తప్పు నాది. మానేద్దామంటే మానేద్దాం. నువ్వే చెప్పు."

రాధారాణి రెండు గుక్కల నీళ్లు తాగింది. "ట్రై చేస్తాను కోచ్. పడితే పడుతుంది. మీరు మాత్రం నాకు కనబడేలా నిలబడండి, చాలు."

వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. తలుపు పక్కనే ఉంది. పారిపోదామని కాళ్లు తొందరపెట్టాయి. ఇన్నేళ్లూ కోచ్ తన మీద కోపంతోనే వెళ్లిపోయాడనుకున్నాడు. సిగ్గు కూడా మనిషిని అలా తరిమేస్తుందని ఇప్పుడు తెలిసింది. పాపం ముసలాయన, అనుకున్నాడు. చూపు మాత్రం రాధారాణి మీంచి తిప్పలేదు.

బార్ లేచింది. ఊగింది. ఆమె మోచేతులు నిటారుగా నిలిచాయి. సరిగ్గా ఎత్తిందంటూ జడ్జీల తెల్ల లైట్లు మూడూ వెలిగాయి.

ఫలితాల్లో రాధారాణిది ఆఖరి స్థానం. అయినా నవ్వుతూ పరుగెత్తుకొచ్చి థాంక్స్ చెప్పబోయింది. అంతలో లూబెన్ ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆయన కళ్ల నిండా నీళ్లు.

"నన్ను ఉండమన్నావు. థాంక్యూ," అన్నాడు.