ఎవరూ కొనని ఇల్లు

భద్రాచలం దాటాక అడవి మొదలయ్యే చోట ప్లాట్లు అమ్ముతున్నారని తెలిసి నేనూ మా ఆయనా చూడటానికి వెళ్లాం. పత్తి చేనులో సగం చదును చేసి, సున్నంతో గీతలు గీసి, రంగు జెండాలు పాతారు. మా ఆయన గేట్లు, కిటికీ గ్రిల్స్ వెల్డింగ్ చేస్తాడు. నేను బట్టలు కుడతాను. పెళ్లయి, పిల్లలు పుట్టినా కిరాయి ఇళ్లలోనే బతికాం. అంతకుముందున్న ఇంటి ఓనరు, కిరాయి కాస్త ఆలస్యమైందని నా కుట్టుమిషన్‌ను మెట్ల మీద నుంచి కిందికి తోసేశాడు. అది దొర్లుకుంటూ పోయి రోడ్డు మీద పడి ముక్కలవుతుంటే చూసిన రోజే, రేకుల షెడ్డయినా సరే, మాదంటూ ఒకటి ఉండాలనుకున్నాం.

ఆ ప్లాట్లు చాలా అగ్గువ, బయటి ధరలో సగం కూడా లేవు. మా ఆయన అడ్వాన్సు ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టేసరికి వెనక నుంచి ఎవరో గట్టిగా పిలిచారు. మాకు అప్పటి కిరాయి ఇల్లు చూపించిన బ్రోకరన్న. ఆదివారం చర్చికి, మిగతా రోజులు ఇళ్ల బేరాలకు తిరిగే మనిషి. మేం వెళ్లామని ఎవరి దగ్గరో విని, స్కూటరు మీద వచ్చాడు.

"భాయ్, పైసలు తియ్యకు. ఇది ఏజెన్సీ భూమి, గిరిజనులది. మనకు రిజిస్ట్రేషన్ కాదు. వీళ్లిచ్చేది ఉత్త నోటరీ కాగితం. ఇల్లు కట్టినంక కూలగొడితే ఎవనికి చెప్పుకుంటవ్?"

ప్లాట్లు అమ్మే మనిషి నవ్వాడు. "నీ కమీషన్ పోతదని ఏడుస్తున్నవా?"

"నా కమీషన్ సంగతి ఇడిసిపెట్టు. రిజిస్ట్రేషన్ ఆఫీసుకొచ్చి సంతకం పెడ్తవా? అందరి ముందట చెప్పు."

వ్యాన్లలో వచ్చిన కొనుగోలుదార్లంతా అటు తిరిగారు. ఆ మనిషి ముఖంలో నవ్వు పోయింది. సరిగ్గా అప్పుడే చేనులో మిగిలిన పత్తి మీదికి జేసీబీ కదిలింది. గట్టు మీది గుడిసెలో నుంచి ఒక కోయ ముసలమ్మ కొడవలి పట్టుకుని పరుగెత్తుకొచ్చి దానికి అడ్డంగా నిలబడింది. మొదట తన భాషలో, తర్వాత తెలుగులో అరిచింది. "ఇది మా అయ్య దున్నిన భూమి. నన్ను తొక్కి పో!"

అమ్మే మనిషి పక్కనున్న వాడొకడు ఆమెను జుట్టు పట్టి లాగాడు. ఆమె చెప్పుల్లేని కాళ్లు మట్టిలో గీతలు గీస్తూ పోయాయి. బ్రోకరన్న ఉరికి వాడి చెయ్యి పట్టుకున్నాడు. అంతే, రాళ్లు పాతడానికి తెచ్చిన గడ్డపార ఇంకొకడి చేతిలో లేచింది. తల పగలాల్సింది, పక్కకు తప్పుకోవడంతో దెబ్బ భుజం మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. కింద పడ్డవాణ్ణి వాళ్లు నలుగురు కలిసి తన్నారు. కడుపులో, వీపులో, ముఖం మీద. కొనడానికి వచ్చినవాళ్లు వ్యాన్లలోకి పరుగెత్తారు.

మా ఆయన మధ్యలోకి దూకాడు. రాయి తగిలి కనుబొమ్మ చిట్లింది. రక్తం కంట్లోకి కారుతుంటే గుడ్డివాడిలా చేతులు ఊపుతూ కొట్టాడు. ముసలమ్మ చేతిలోంచి జారిన కొడవలి నా కాళ్ల దగ్గర పడింది. తీసుకున్నాను. నోటికి ఏమొస్తే అది అరుస్తూ వాళ్ల మీదికి పోయాను. ఒకడి చొక్కా చేతి దగ్గర చిరిగింది, కింద చర్మం కూడా తెగింది. వాడు నిలబడి ఉంటే మళ్లీ వేసేదాన్ని. ఆ సంగతి వాడికీ నా కళ్లలో కనిపించిందేమో, వెనక్కి తగ్గాడు. ఆలోపు గుడిసెల వైపు నుంచి విల్లులు, గొడ్డళ్లు పట్టుకుని జనం రావడంతో కొట్టినవాళ్లంతా కార్లెక్కి పారిపోయారు.

దవాఖానాలో బ్రోకరన్న పళ్ల మధ్య నుంచి రక్తం తుడుచుకుంటూ నన్ను దగ్గరికి పిలిచాడు. "చెల్లె, మీకు ఇల్లు నేను చూస్త. తొందరపడి ఇంకెక్కడ పైసలు పెట్టకుండ్రి."

పోలీస్ స్టేషన్‌లో మేం సాక్ష్యం చెప్పాం. దానికి జవాబు వారం తిరక్కుండానే వచ్చింది. పట్టపగలు మా ఆయన షాపులో దూరి వెల్డింగ్ మిషన్‌ను సుత్తులతో నుజ్జు చేశారు. అడ్డుపడిన ఆయన్ను సగం తయారైన గేటుకేసి కొట్టారు. భయపడిపోయిన మా ఓనరు, "మీతోని నాకొద్దమ్మా, జల్దీ ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు.

అప్పుడు చేతికి ఇంకా కట్టు ఉండగానే బ్రోకరన్న మమ్మల్ని బస్సెక్కించి ముదిగొండ దగ్గర ఒక ఊరికి తీసుకుపోయాడు. పెంకుటిల్లు, ముందు వేపచెట్టు, లోపల బావి. తాళం తీయకముందే మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టాడు.

"లోపలికి పోకముందు ఒక మాట చెప్పాలె. ఈ ఇంట్ల ఖూనీ అయింది. అన్నదమ్ములు. ఇల్లు తమ్మునిది. అన్నకు దాంట్ల వాటా కావాలని పంచాయితీ. ఒకనాడు అన్న బలవంతంగ వచ్చి హాల్ల మధ్యన అడ్డం గోడ కట్టుడు మొదలుపెట్టిండు. తమ్ముడు ఇటుకలు పీకేసిండు. అన్న గొడ్డలి తీసుకుండు. అన్న జైల్ల ఉన్నడు. ఇల్లు ఇప్పుడు తమ్ముని భార్యది. తెలిసినోడు ఎవడు కొంటలేడు. అందుకే అగ్గువ."

మా ఆయన లేచి నిలబడ్డాడు. "నెత్తురు పడ్డ ఇంట్ల పిల్లలను పండబెట్టమంటవా అన్నా?"

"పండబెట్టుమంటలేను. తెలుసుకోని కొనుమంటున్న. వేరే బ్రోకర్లు ఇది దాచిపెట్టి చూపించిండ్రు. పక్కింటోళ్లు చెప్పంగనే వచ్చినోళ్లు పోయిండ్రు. ఒకడైతే ఆమెను బెదిరించి మట్టి ధరకు అడిగిండు."

నేను లోపలికి వెళ్లాను. హాలు మధ్యలో మోకాలెత్తు గోడ ఇంకా అలాగే ఉంది. దాని పక్కన గచ్చు మీద నల్లటి మరక. ఎంత కడిగినా పోలేదట. కానీ దూలాలు గట్టిగా ఉన్నాయి, వెలుతురు బాగుంది, ముందు గది రోడ్డుకే ఉంది. అక్కడ మిషన్ పెట్టుకుంటే కిరాయి షాపు అక్కర్లేదు. గొడవ ఇల్లు చేయలేదు, మనుషులు చేశారు అని మా ఆయనతో అన్నాను. ఆయన దూలాలు తట్టి చూసి వచ్చి, ధరెంతని బ్రోకరన్నను అడిగాడు.

బ్రోకర్లు మామూలుగా కొనేవాళ్లనీ అమ్మేవాళ్లనీ ఒకచోట కూర్చోనివ్వరు. ఇటు ఒక ధర, అటు ఒక ధర చెప్పి మధ్యలోది మిగుల్చుకుంటారు. ఈయన ఆ చనిపోయిన తమ్ముడి భార్యను పిలిపించి మా ఎదురుగా కూర్చోబెట్టాడు. నా వయసే ఉంటుంది. ఆమె అంది, "ఆ గోడ చూస్తే నాకు ఊపిరాడదు. కానీ మా ఆయన పానం పోయిన జాగను పారేసినట్టు మాత్రం ఇయ్య."

ఇద్దరి ముందూ ఒకే మాట చెప్పాడు బ్రోకరన్న. ఆమె కొంచెం తగ్గింది, మేం కొంచెం పెరిగాం. సున్నాలు వేయించి, మరమ్మతులు చేయించి ధర పెంచొద్దని ఆమెకు చెప్పాడు, అవి మా ఆయనే చేసుకుంటాడన్నాడు. బ్యాంకు లోనుకు తనే మా వెంట తిరిగాడు. కమీషన్ సగమే తీసుకున్నాడు, అది కూడా మేం కుదురుకున్నాకే.

రిజిస్ట్రేషన్ అయ్యాక తాళంచెవి ఇవ్వడానికి ఆమె బ్రోకరన్నతో కలిసి ఇంటికొచ్చింది. హాల్లో ఆ గోడ ముందు నిలబడి కాసేపు చూసి, మా ఆయన సంచిలోంచి పెద్ద సుత్తి లాక్కుంది. మొదటి దెబ్బకే ఇటుక పగిలి ఆమె నుదుటికి తగిలింది. ఆగలేదు. బావను నిలదీసినట్టు గోడను నిలదీసింది, తిట్టింది, మొగుడి పేరు పిలుస్తూ కొట్టింది. అరచేతులు చిట్లి పిడి ఎర్రబడింది. మా ఆయన ఆపబోతే బ్రోకరన్న వద్దన్నాడు. నేను గడ్డపార తీసుకుని అటువైపు నుంచి మొదలుపెట్టాను. పత్తి చేనులో బ్రోకరన్న భుజం విరిచినవాణ్ణి తలచుకుని పొడిచాను. గోడంతా నేలమట్టమై దుమ్ములో ఇద్దరం దగ్గుతూ కూలబడ్డాం. ఆమె నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను.

మరక ఉన్న గచ్చును మా ఆయన తవ్వేసి కొత్త బండలు పరిచాడు. కేసు ఇంకా నడుస్తోంది. ప్లాట్లు అమ్మినవాడు బెయిల్ మీద తిరుగుతున్నాడు. ముసలమ్మ చేనులో మళ్లీ పత్తి వేసింది. బ్రోకరన్న కుడిచెయ్యి భుజం పైకి లేవదు.

ఈ ఊరి ఆడవాళ్లు మొదట్లో జాకెట్టు గుడ్డలు గేటు బయటి నుంచే ఇచ్చి పోయేవారు. ఒకరోజు పెద్ద వాన పట్టుకుంటే పక్కింటామె తడుస్తూ లోపలికి వచ్చింది. హాలంతా కలియజూసి, కొత్త బండల మీద కూర్చుంది. "చాయ్ ఉంటే ఇంత పొయ్ బిడ్డా" అంది.